పొగ కనిపించడం లేదు, పొగాకు ఎక్కడికీ పోలేదు: నల్లగొండ, పాలమూరు అధికారులకు ఒక పళ్ల డాక్టరు బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల కలెక్టర్లు, పోలీసు సూపరింటెండెంట్లు, మున్సిపల్ కమిషనర్లు, ఆహార భద్రత, విద్య, వైద్య ఆరోగ్య శాఖల అధికారులకు నమస్కారం.

విషయం: కాలేజీలు, బస్టాండ్లు, మిల్లుల దగ్గర జంట పొట్లాల గుట్కా, అంబర్ అనే నమిలే పొగాకు, ఎలక్ట్రానిక్ సిగరెట్లైన వేప్‌ల అమ్మకం, ప్రజావాణిలో ఇచ్చిన అర్జీపై చర్య లేకపోవడం.

అయ్యా, అమ్మా,

ఈ రెండు ఉమ్మడి జిల్లాల సరిహద్దులో ఒక చిన్న పట్టణంలో పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. మా క్లినిక్‌కు మిల్లు హమాలీలు, ఆటో డ్రైవర్లు, పత్తి ఏరే ఆడవాళ్లు, ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు వస్తారు. పన్ను నొప్పి అనో, చిగురు వాచిందనో వస్తారు. నోరు తెరవమంటే పూర్తిగా తెరవలేని వాళ్లు వాళ్లలో పెరుగుతున్నారు. అందుకే ఈ లేఖ.

ముందు అర్జీ సంగతి చెప్పాలి. ఒక జూనియర్ కాలేజీ గేటు పక్కనే ఉన్న పాన్ డబ్బాల గురించి, అక్కడ ఏం అమ్ముతున్నారో ఫొటోలతో సహా ప్రజావాణిలో అర్జీ ఇచ్చాను. రశీదు ఇచ్చారు. కొన్నాళ్లకు ఫోన్‌కు ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. వెళ్లి చూస్తే డబ్బాలు అక్కడే ఉన్నాయి. వచ్చిన మార్పల్లా ఒక డబ్బాకు ముందు పరదా కట్టడమే. ఎవరు పరిష్కరించారని అడిగితే ఒక కార్యాలయం వాళ్లు ఇది ఆహార కల్తీ చూసేవాళ్ల పని అన్నారు. వాళ్లను అడిగితే జిల్లా మొత్తానికి మనుషులు చాలరు, పోలీసులకు చెప్పండి అన్నారు. పోలీసులు ‘గోదాం ఎక్కడుందో చెప్పండి సార్, పట్టుకుంటాం’ అన్నారు. గోదాం జాడ తీయాల్సింది పళ్ల డాక్టరా? ఎవరి మీదా కోపంతో ఇది రాయడం లేదు. ఎవరి పని ఏదో రాతపూర్వకంగా తేల్చమని అడగడానికి, అది నలుగురి ముందు అడగడానికి రాస్తున్నాను.

పొగ తాగడం తగ్గిందనే మాట సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. అబద్ధమేమీ కాదు. 2009-10లో దేశంలో పెద్దవాళ్లలో 34.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవారు. 2016-17 సర్వే నాటికి అది 28.6 శాతానికి దిగింది. కానీ అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. పొగ తాగేవాళ్లు 10.7 శాతం. నమిలేవాళ్లు, చప్పరించేవాళ్లు, చిగురుకు రుద్దేవాళ్లు 21.4 శాతం, అంటే సరిగ్గా రెట్టింపు. మన ఊళ్లలో కంటికి కనిపిస్తున్నదీ ఇదే. తాతలు అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవాళ్లు. ఊరంతటికీ తెలిసే అలవాటది, కోడలు కూడా మొహం మీదే గొణిగేది. ఇప్పటి అలవాటుకు వాసన లేదు, బూడిద లేదు. జేబులో పడుతుంది, బుగ్గలో దాక్కుంటుంది. తల్లికి తెలియదు, లెక్చరర్‌కు తెలియదు. తనిఖీకి వచ్చేవాళ్లు మాత్రం ఇంకా పొగ కోసమే వెతుకుతున్నారు.

క్షేత్రంలో ఏం జరుగుతోందో వరుసగా చెబుతాను.

1. గుట్కా నిషేధం కాగితం మీద భద్రంగా ఉంది. తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని ఆహార భద్రత నిబంధనలు 2011 నుంచి చెబుతున్నాయి. మన రాష్ట్రంలో 2024 మే 24 నుంచి ఏడాది పాటు గుట్కాను, పొగాకు కలిపిన పాన్ మసాలాను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఈ ఉత్తర్వులు ఏడాదికోసారి వస్తుంటాయి. దీనికి కంపెనీలు కనిపెట్టిన విరుగుడు చాలా సులువు. పాన్ మసాలా ఒక పొట్లం, జర్దా, అంటే నమిలే పొగాకు, ఇంకో చిన్న పొట్లం. రెండూ పక్కపక్కనే దండల్లా వేలాడుతుంటాయి. కొనేవాడు రెండూ చింపి అరచేతిలో కలుపుకుంటాడు. గుట్కా తయారయ్యేది ఫ్యాక్టరీలో కాదు, కొన్నవాడి చేతిలో. ఈ జంట పొట్లాల మోసాన్ని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్ 23 నాటి ఆదేశంలోనే ప్రస్తావించి, నిషేధాన్ని సరిగ్గా అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. అయినా డబ్బాలో ఆ రెండు దండలూ ఒకే మేకుకు వేలాడుతూనే ఉన్నాయి.

అప్పుడప్పుడు పేపర్లో ‘లక్షల విలువైన గుట్కా పట్టివేత’ అని ఫొటో వస్తుంది. సంచుల వెనక సిబ్బంది వరుసగా నిలబడి ఉంటారు. మంచిదే. మర్నాడు అదే వీధిలో పొట్లం ధర ఒకట్రెండు రూపాయలు పెరుగుతుంది, అంతే. పట్టుకున్న సరుకు విలువను కాకుండా, దాడి తర్వాత ఎన్ని డబ్బాల్లో పొట్లం దొరకడం ఆగిందో మీరు ఎప్పుడైనా లెక్కించారా?

2. పొట్లం నోట్లో చేసే పని ఎలా ఉంటుందో ఇక్కడ కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఫైళ్లలో ఇది ఉండదు. మొదట కారం తగిలితే మంట. ‘మిర్చి తొక్కు తింటే నోరంతా కాలుతుంది సారూ’ అంటారు. తర్వాత బుగ్గల లోపలి చర్మం తెల్లబడి గట్టిపడుతుంది. వేలితో తడిమితే తాళ్లలాగా పట్టీలు తగులుతాయి. మామూలు మనిషి నోరు మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకుంటుంది. వీళ్లకు రెండు వేళ్లు పడతాయి, తర్వాత ఒకటి. పెళ్లి భోజనంలో ముద్ద చిన్నది చేసుకుని తింటున్న కుర్రాణ్ని చూస్తే నాకు విషయం అర్థమైపోతుంది. పన్ను తీద్దామన్నా లోపలికి పరికరం వెళ్లదు.

దీన్ని వైద్యంలో సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటాం. దీనికి ప్రధాన కారణం వక్క. అందుకే ‘మా పొట్లంలో పొగాకు లేదు సార్, ఉత్త మసాలానే’ అనే మాట నన్ను ఊరడించదు. వక్క స్వయంగా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఎప్పుడో తేల్చింది. దానికి పొగాకు తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఒకసారి బిగుసుకున్న నోరు మళ్లీ మునుపటిలా కావడం చాలా అరుదు. ఇంజెక్షన్లు, వ్యాయామాలతో ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగులుతుంది. వీళ్లలో కొందరికి తర్వాత క్యాన్సర్ వస్తుంది. ఎవరికి వస్తుందో ముందే చెప్పే పరీక్ష నా దగ్గర లేదు.

క్యాన్సర్ తేలినవాళ్లను హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పంపుతాం. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది, అది గొప్ప ఊరట. కానీ రేడియేషన్ వారాల తరబడి నడుస్తుంది. దేవరకొండ నుంచో, అచ్చంపేట నుంచో వచ్చిన మనిషికి అక్కడ ఉండడానికి చోటు కావాలి, తోడుగా ఇంకొకరు కావాలి. ఇద్దరి కూలీ పోతుంది. దవడ తీసేశాక మాట ముద్దగా వస్తుంది. మాట సరిగా రాని హమాలీని మేస్త్రీ మళ్లీ పనికి పిలవడు.

3. పైసల లెక్క. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే మనిషి, చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లే, పని మధ్యలో ఆకలి చంపుకోవడానికి ఖైనీ వేసుకుంటాడు. ఇక్కడివాళ్లు అంబర్ అంటారు, పొట్లం అంటారు. పొట్లం ఐదు రూపాయలనుకుందాం, రోజుకు పది. నెలకు 1,500 రూపాయలు. వృద్ధులకు 2019 నుంచి ఇచ్చిన పింఛను 2,016 రూపాయలు. ఇంట్లో అమ్మకు వచ్చే పింఛనులో ముప్పావు వంతు కొడుకు బుగ్గలోకి పోతోందన్నమాట. పత్తి చేలల్లో పనిచేసే ఆడవాళ్లదీ ఇదే కథ. వాళ్లు డబ్బా దగ్గర నిలబడరు, కిరాణా షాపులో ఉప్పు, పప్పుతో పాటు కొంగున కట్టుకుని పోతారు. పొగాకు పళ్లపొడి చిగుళ్లకు రుద్దేవాళ్లూ ఉన్నారు. సర్వేకు వచ్చినవాళ్లు ‘నువ్వు పొగ తాగుతావా అమ్మా’ అని అడిగితే ఆమె లేదనే చెబుతుంది.

4. పిల్లల సంగతి. 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల మీద 2019లో జాతీయ స్థాయిలో జరిగిన సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక పొగాకు వాడుతున్నట్లు తేలింది. నమిలే పొగాకు వాడినవాళ్లలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారట! అంటే మూడో తరగతి, నాలుగో తరగతి. అవగాహన సదస్సులు మనం ఇంటర్ పిల్లలకు పెడుతున్నాం.

విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని, 18 ఏళ్లు నిండనివాళ్లకు ఎక్కడా అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం (కోట్పా) చెబుతోంది. ఉల్లంఘిస్తే జరిమానా 200 రూపాయల వరకే. డబ్బా అతను ఒక్క పూట అమ్మకంలో దాన్ని రాబట్టుకుంటాడు. కానీ మీ చేతిలో ఇంకో చట్టం ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా. అది అంత తీవ్రమైన సెక్షన్ కాబట్టే పిల్లలకు ఒకటి రెండు పొట్లాలు అమ్మే ముసలావిడ మీద పెట్టడానికి ఎవరికీ మనసొప్పదేమో. సరే, ఆమెను వదిలేయండి. కాలేజీ వదిలే వేళకు బైక్ మీద వచ్చి సరుకు దించిపోయే మనిషి మీదైనా పెట్టారా?

బడి గేటు నుంచి 100 గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గీయాలని పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో ఉంది. నేను తిరిగిన చోట్ల బడి గోడ మీద ‘పొగాకు రహిత ప్రాంగణం’ అని బోర్డు ఉంది, గీత మాత్రం లేదు. గీత గీస్తే దాని లోపల ఉన్న డబ్బా అందరికీ కనిపిస్తుంది కదా, బహుశా అందుకే.

5. వేప్‌లు. మన దగ్గర ఇవి లేవని ఒక అధికారి నాతో నమ్మకంగా అన్నారు. ఉన్నాయి. పెన్ డ్రైవ్ లాగా, హైలైటర్ పెన్ లాగా ఉంటాయి. మామిడి, పుదీనా, స్ట్రాబెర్రీ వాసన వస్తుంది. హైదరాబాద్ హాస్టళ్ల నుంచి సెలవులకు వచ్చే పిల్లల బ్యాగుల్లో వస్తాయి. ఫోన్లో ఆర్డరిస్తే కొరియర్‌లో వస్తాయి. 2019లో తెచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం వీటి తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. నిల్వ తప్ప మిగతావాటికి మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. ఎస్ఐ స్థాయి అధికారికి సోదా చేసే అధికారం ఉంది. ఇంత పదునైన చట్టం గోడ మీద బోర్డులో కూడా లేదు.

ఈ మధ్య ఇంకోటి వస్తోంది. పెదవి కింద పెట్టుకునే తెల్లటి చిన్న నికోటిన్ సంచులు. పొగ లేదు, ఉమ్మి లేదు, వేడి చేసే పరికరం లేదు. వేప్‌ల చట్టం వేడి చేసి ఆవిరి పుట్టించే పరికరాల గురించి రాసింది కాబట్టి దీన్ని ఆ చట్టంతో పట్టుకోవడం కష్టం. ఇక్కడ ఇంకా అరుదే. అరుదుగా ఉన్నప్పుడే చూసుకుంటే మేలు. గుట్కా విషయంలో మనం ఆలస్యంగా కళ్లు తెరిచాం.

6. లూజ్ సిగరెట్. 2016 నుంచి ప్యాకెట్‌కు రెండు వైపులా 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉండాలి. విడిగా ఒక్కటి కొనేవాడికి ఆ బొమ్మ ఎక్కడ కనిపిస్తుంది? మహారాష్ట్ర 2020లో విడి అమ్మకం నిషేధించింది. పక్కనే కర్ణాటక 2025లో అమలులోకి తెచ్చిన సవరణతో విడి అమ్మకం ఆపి, కొనే వయసును 18 నుంచి 21కి పెంచి, బహిరంగంగా పొగ తాగితే జరిమానాను 200 నుంచి 1,000కి పెంచింది. నారాయణపేట జిల్లాలో కృష్ణ మండలం దాటి రాయచూరు వైపు అడుగుపెడితే ఒక చట్టం, ఇటు ఇంకో చట్టం. మన శాసనసభ కూడా 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది, కాబట్టి చేయలేక కాదు. కానీ హుక్కా హైదరాబాద్ సమస్య. పాలమూరు కూలీ హుక్కా తాగడు.

బీడీ మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని 2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల వైపు బీడీలు చుట్టి బతికే ఆడవాళ్ల కోసం అన్నారు. వాళ్ల బతుకు నాకూ ముఖ్యమే. కానీ సిగరెట్ ఖరీదై, బీడీ చవకై, పొట్లం అంతకన్నా చవకగా ఉంటే మనిషి మానేయడు, కిందికి దిగుతాడు.

డబ్బా వాళ్ల గురించి ఒక మాట. వాళ్లలో చాలామంది వేరే పని చేయలేనివాళ్లు, వికలాంగులు, భర్త పోయిన ఆడవాళ్లు. పొట్లం మీద వాళ్లకు మిగిలేది పావలా అర్ధ లాభం. దాడి జరిగినప్పుడు జరిమానా కట్టేది వాళ్లు, ఏజెన్సీ పేరు ఎఫ్ఐఆర్‌లో కనిపించదు. ఈ లేఖను అడ్డం పెట్టుకుని రేపు డబ్బాలు కూలగొడితే నేను అడిగింది అది కాదని ఇప్పుడే చెబుతున్నాను.

ఇక మా డిమాండ్లు.

1. ప్రతి జిల్లాలో పొగాకు నియంత్రణకు కలెక్టర్ అధ్యక్షతన ఉండే సమన్వయ కమిటీ ఎప్పుడు కూర్చుంది, ఏం నిర్ణయించింది అనేది కలెక్టరేట్ బోర్డు మీద, జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టాలి. జంట పొట్లాలు, వేప్‌లు, 100 గజాల నిబంధన, ఈ మూడింటికీ ఏ శాఖలో ఎవరు బాధ్యులో హోదా, ఆఫీసు ఫోన్ నంబరుతో ప్రకటించాలి.

2. పట్టుకున్న ప్రతి కేసులో సరుకు ఏ ఏజెన్సీ నుంచి వచ్చిందో రాయాలి. జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట మీదుగా పోయే 44వ జాతీయ రహదారి, చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట మీదుగా పోయే 65వ జాతీయ రహదారి మీద ధాబాల వెనక చేతులు మారే సరుకు మీద నిఘా పెట్టాలి. డ్రైవర్ జేబులోని పొట్లం మీద కాదు.

3. పొగాకు అమ్మాలంటే మున్సిపాలిటీ లైసెన్స్ తప్పనిసరి చేయాలని, అలాంటి షాపుల్లో చాక్లెట్లు, చిప్స్, బిస్కెట్లు అమ్మనివ్వకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు సూచించింది. మన మున్సిపాలిటీలు ఎందుకు తీర్మానం చేయలేదో చెప్పాలి. లైసెన్స్ వదులుకుని టీ కొట్టో, పండ్ల బండో పెట్టుకుంటామనే డబ్బా యజమానులకు వీధి వ్యాపారుల రుణాల్లో ముందు వరుస ఇవ్వాలి.

4. వచ్చే విద్యాసంవత్సరం బడులు తెరిచే లోపు ప్రతి బడి, కాలేజీ ముందు పసుపు గీత పడాలి. అవగాహన తరగతులు మూడో తరగతి నుంచి మొదలవ్వాలి.

5. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోనే కాదు, ఏరియా ఆస్పత్రుల్లో కూడా వారానికి ఒకరోజు పొగాకు మాన్పించే ఓపీ పెట్టాలి. మానాలనుకునేవాళ్లకు 1800-112-356 అనే ఉచిత జాతీయ నంబరు ఉంది. నా దగ్గరికి వచ్చే హమాలీల్లో దాన్ని విన్నవాళ్లు దాదాపు లేరు. ఆ నంబరు రేషన్ షాపు, ఉపాధి హామీ పని స్థలం, మిల్లు గేటు మీద తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో రాయించాలి. నికోటిన్ గమ్ ఆస్పత్రిలో ఉచితంగా ఇవ్వాలి. పొట్లం ఐదు రూపాయలకు దొరుకుతుంటే మాన్పించే గమ్ మందుల షాపులో అంతకన్నా ఎక్కువ పెట్టి కొనమనడం న్యాయం కాదు.

6. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ బీపీ, షుగర్ చూస్తున్నారు. అప్పుడే నోరు తెరిపించి మూడు వేళ్లు పడుతున్నాయో లేదో చూడమనాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఒక్కపూట శిక్షణ చాలు. ఆ శిక్షణ మా ప్రాంత పళ్ల డాక్టర్లం పైసా తీసుకోకుండా ఇస్తాం.

7. కర్ణాటక తరహాలో వయసు 21కి పెంచడం, విడి అమ్మకం ఆపడం, జరిమానా పెంచడం మీ పరిధిలో లేదని తెలుసు. మీరు ప్రభుత్వానికి సిఫారసు పంపాలి, పంపిన లేఖ నకలు ప్రజలకు ఇవ్వాలి. సరిహద్దు జిల్లాల కలెక్టర్లు రాస్తే దాని బరువు వేరు.

అన్నిటికన్నా ముందు, ‘పరిష్కరించబడింది’ అని మూసేసిన నా అర్జీని తిరిగి తెరవాలి. పరిష్కరించింది ఎవరు, ఏ తేదీన వచ్చారు, ఏం చూశారు అనేది ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే సమాచార హక్కు కింద అడుగుతాను, తర్వాత లోకాయుక్తకు వెళతాను. ఫొటోలు, రశీదు నా దగ్గరున్నాయి. మీలో ఎవరు వచ్చినా సరే, కాలేజీ వదిలే నాలుగు గంటలకు రండి. యూనిఫాం లేకుండా, జీపు దూరంగా ఆపి రండి. క్లినిక్ మూసేసి మీ వెంట నేను నడుస్తాను.

ఇట్లు,
ఒక పళ్ల డాక్టరు
నల్లగొండ–పాలమూరు సరిహద్దు పట్టణం

నకలు: రెండు ఉమ్మడి జిల్లాల ఎమ్మెల్యేలకు, కాలేజీల ప్రిన్సిపాళ్లకు, రైస్ మిల్లుల యజమానుల సంఘాలకు, హమాలీ సంఘాలకు.